అక్క కొలిచిన కరెంటు

గాజువాక,
విశాఖపట్నం.

చిరంజీవులైన మన వీధి పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం సాయంత్రం మీరంతా మా అరుగు మీద చేరి, ఇంటర్న్‌షిప్ ముగించుకొని వచ్చిన మా మనవరాలిని "అక్కా, ఈ రెండు నెలల్లో ఏం మెషీన్ తయారుచేశావు?" అని అడిగారు. "ఏదీ తయారుచేయలేదు, తయారైనవాటిని కొలిచాను" అని ఆమె చెప్పగానే మీ ముఖాలు చిన్నబోయాయి. ముప్పై ఏళ్లకు పైగా ఆసుపత్రుల్లో యంత్రాలు బాగుచేసినవాడిని కనుక, ఆ కొలవడంలో ఏముందో మీకు వివరంగా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెదగంట్యాడ వైపు నడుపూరు దగ్గర ఉన్న మెడ్‌టెక్ జోన్ సంగతి మీకు తెలుసు. వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలూ వాటిని పరీక్షించే ల్యాబులూ ఒకేచోట ఉండాలని దాదాపు 270 ఎకరాల్లో కట్టారు. అది వచ్చాక మన ఊరి ఇంజనీరింగ్ పిల్లలకు ఈ రంగం దగ్గరైంది. మీ అక్క ఎలక్ట్రానిక్స్ మూడో సంవత్సరం పూర్తిచేసి, మన నగరంలోనే పేషెంట్ మానిటర్లు తయారుచేసే ఒక కంపెనీలో చేరింది. ఐ.సి.యు.లో మంచం పక్కన గుండె గీతలు చూపిస్తూ ఉంటుందే, ఆ యంత్రమే పేషెంట్ మానిటర్.

ఆ యంత్రం నుంచి వచ్చే తీగలు నేరుగా రోగి ఛాతీకి అతుక్కొని ఉంటాయి, రెండో చివర యంత్రం గోడలోని 230 వోల్టుల కరెంటుకు కలిసి ఉంటుంది. ఈ రెంటి మధ్యా ఎంత అడ్డు పెట్టినా రవ్వంత కరెంటు దాటుతూనే ఉంటుంది, దానినే లీకేజీ కరెంటు అంటారు. యంత్రం చెడిపోయినందువల్ల పుట్టేది కాదిది, బాగున్న యంత్రంలోనూ ఉంటుంది. మన చేతికి కరెంటు తగిలిందని తెలియాలంటే సుమారు ఒక మిల్లీ ఆంపియరు కావాలి. అందులో వెయ్యో వంతు ఒక మైక్రో ఆంపియరు. పొడి చర్మం మనకు పెద్ద అడ్డు కనుక ఇంట్లో చిన్న లీకేజీ మనల్ని ఏమీ చేయదు. అయితే ఐ.సి.యు.లో పడుకున్నవారి గుండె లోపలికి ఒక్కోసారి సన్నని గొట్టమో తీగో వెళ్లి ఉంటుంది. అక్కడ చర్మం అడ్డు ఉండదు, నర్సు వేలికి తెలియనంత కరెంటు కూడా గుండె లయను తప్పించగలదు. అందుకే గుండెకు నేరుగా తగిలే భాగం నుంచి రోగిలోకి పోయే లీకేజీ మామూలు స్థితిలో 10 మైక్రో ఆంపియర్లు దాటకూడదనీ, ఏదైనా ఒక లోపం తలెత్తినప్పుడు సైతం 50 దాటకూడదనీ అంతర్జాతీయ ప్రమాణం నిర్ణయించింది.

ఆ "ఒక లోపం" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. పరీక్షించేవారు లోపం వచ్చేదాకా ఎదురుచూడరు, తామే కల్పిస్తారు. లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ తీగను కావాలనే విడదీస్తారు. అది లోపం కింద లెక్క కాకపోయినా ఫేజునూ న్యూట్రల్‌నూ తారుమారు చేసి కూడా చూస్తారు. రోగి శరీరానికి బదులు సుమారు వెయ్యి ఓముల నిరోధం ఉన్న చిన్న సర్క్యూట్ పెట్టి దానిగుండా ఎంత కరెంటు పోతున్నదో చూస్తారు. మీ అక్క రోజంతా చేసిన పని ఇదే. ఒక్కో యంత్రానికీ స్విచ్చులు మార్చి మార్చి కొలిచి, ప్రతి అంకెనూ పుస్తకంలో రాసేది.

ఆ పుస్తకానికి కట్టుబాట్లున్నాయి. పెన్సిల్ పనికిరాదు, వైట్‌నర్ పూయకూడదు, పేజీ చింపకూడదు. తప్పు రాస్తే పాత అంకె కనిపించేలా దాని మీద ఒకే గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, సంతకమూ తేదీ పెట్టాలి. మొదటి వారం ఇది ఆమెకు చాదస్తంగా తోచిందట.

నాలుగో వారంలో ఒక సాయంత్రం, ఎర్త్ విడదీసి కొలిచినప్పుడు ఒక మానిటర్‌లో 61 మైక్రో ఆంపియర్లు వచ్చింది. మర్నాడు ఉదయం మళ్లీ కొలిస్తే 34 మాత్రమే వచ్చింది. మొదటిది తన పొరపాటే అనుకొని దానిని కొట్టేసి 34 రాయబోయింది. పక్కనున్న సీనియర్ ఆమె చేయి ఆపి, "రెండూ ఉంచమ్మా, తేడా ఎందుకు వచ్చిందో తెలిసేదాకా రెండూ నిజమే" అన్నారట. ముందు రోజు ఆ యంత్రం తేమ గదిలోంచి వచ్చింది. సుమారు 93 శాతం తేమలో 48 గంటలు ఉంచడం కూడా పరీక్షలో భాగమే, సముద్రపు గాలిలో బతికే మనకు ఆ తేమ ఎలాంటిదో చెప్పక్కరలేదు. మూత విప్పి చూస్తే బోర్డు మీద టంకం వేసినచోట, టంకం బాగా పట్టడానికి పూసే ఫ్లక్స్ అనే జిగురును సరిగా తుడవలేదు. ఆ జిగురు తేమ పీల్చుకొని కరెంటుకు దారి ఇచ్చింది, రాత్రంతా ఆరాక దారి మూసుకుపోయింది. 61 కొట్టేసి ఉంటే ఆ బోర్డు ఏదో వర్షాకాలంలో ఎవరి మంచం పక్కనో ఉండేది.

ఈ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను పనిచేసిన ఆసుపత్రిలో ఒక ఈ.సి.జి. యంత్రం తగిలి నర్సమ్మ చేయి జివ్వుమంది. చూస్తే, టూపిన్ సాకెట్‌లో పట్టడానికి ఎవరో ప్లగ్గుకు ఎర్త్ పిన్ను కోసేశారు. నేను ప్లగ్గు మార్చి వచ్చేశానే తప్ప ఎక్కడా రాయలేదు. ఆరు నెలల తర్వాత ఇంకో వార్డులో అదే జరిగింది, అక్కడా పిన్ను కోసే ఉంది. మొదటి రోజు నాలుగు వాక్యాలు రాసి ఉంటే అన్ని వార్డుల ప్లగ్గులూ ఆ వారమే చూసి ఉండేవాళ్లం. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు, అయినా ఆ రాయకపోవడం నా తప్పేనని ఇప్పటికీ అనుకుంటాను.

ప్రభుత్వ నియమాలూ ఉన్నాయి. 2018 జనవరి 1 నుంచి అమలులో ఉన్న వైద్య పరికరాల నియమాల ప్రకారం ప్రమాదావకాశాన్ని బట్టి పరికరాలు ఎ, బి, సి, డి అనే నాలుగు తరగతులు. డాక్టరు గారు నాలుక నొక్కి చూసే పుల్ల మొదటిది, గుండె కవాటం చివరిది.

ఈసారి ఎవరినైనా చూడడానికి ఆసుపత్రికి వెళ్తే, దేనినీ ముట్టుకోకుండా, మానిటర్‌లో తీగలు గుచ్చే చోటును గమనించండి. చదరంలో చిన్న గుండె బొమ్మ ఉంటే అది గుండెకు నేరుగా తగిలినా సరిపోయేలా కట్టినది, మనిషి బొమ్మ ఉంటే గుండెకు నేరుగా తగిలించకూడనిది. ఏ బొమ్మ కనిపించిందో వచ్చి అక్కకు చెప్పండి. వచ్చే ఆదివారం ఇంట్లోనే ఉంటుంది.

ఇట్లు,
మీ తాతయ్య