వరి కుచ్చులు: మేం రోజూ వినే అపోహలు

సంక్రాంతి దగ్గరపడితే మా ఇంట్లో అందరి చేతుల్లోనూ వరి కంకులే. పిట్టలు తినడానికి ఇంటి దగ్గర కట్టే వరి కంకుల జడలే కుచ్చులు. వాటిని అల్లడం నాన్న దగ్గర నేర్చుకున్నాను. కొనడానికి వచ్చేవాళ్ళు అనే మాటల్లో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: కోతలయ్యాక మిగిలిన గడ్డితో అల్లేస్తారు.

వాస్తవం: నూర్చిన గడ్డితో కుచ్చు రాదు, గింజలు వెన్నుకే ఉండాలి. చేను బాగా పండిపోయేదాకా ఆగితే అల్లుతుండగానే గింజ రాలిపోతుంది. అందుకని గింజ గట్టిపడి, కాడలో ఇంకా పచ్చిదనం ఉండగానే కొడవలితో కోసి నీడన ఆరబెడతాం. అల్లే ముందు కాడల మీద నీళ్ళు చిలకరించి తడిగుడ్డ కప్పుతాం. తడి చాలకపోతే కాడ మడిచిన చోటే విరుగుతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. ఇప్పుడు మిషన్ కోత, నూర్పిడి ఒకేసారి చేసేస్తోంది. కాబట్టి ముందుగానే రైతుని అడిగి మడిలో ఒక మూల వదిలించుకోవాలి. కాడ పొడవూ తగ్గింది. 1966లో ఐఆర్8 అనే పొట్టి వరి రకం విడుదలైన దగ్గర్నుంచి పొలాల్లో పొట్టి రకాలు పెరిగాయి. చేను పడిపోదు, రైతుకి మేలే. మాకు మాత్రం జడ మధ్యలో కాడలు కలుపుకోక తప్పదు.

అపోహ: పిట్టలు గింజలు తినేస్తే ఇంటికి మంచిది కాదు. వార్నిష్ పూసి ఇవ్వండి.

వాస్తవం: కుచ్చు కట్టేదే పిట్టల కోసం. పంటలో వాటి వాటా అది. గింజలన్నీ అయిపోయి ఉత్త జడ మిగిలిందంటే నాకు చాలా సంతోషం. వార్నిష్ మాత్రం పూయను.

అపోహ: గడ్డి వేషం అంటే దయ్యం వేషం.

వాస్తవం: జపాన్‌లోని ఓగా ప్రాంతంలో 'నమహగే' అనే ఆచారం ఉంది, దాని వీడియోలు చూసి ఇలా అంటుంటారు. డిసెంబర్ 31 రాత్రి నమహగే వేషగాళ్ళు భయంకరమైన మాస్కులు పెట్టుకుని, గడ్డితో కట్టిన బట్టలు వేసుకుని ఇంటింటికీ వస్తారు. బద్ధకంగా ఉంటే ఊరుకోం అని పిల్లల్ని గద్దిస్తారు. కానీ అక్కడివాళ్ళకి వాళ్ళు ఇంటికొచ్చిన దేవుళ్ళు. కూర్చోబెట్టి మర్యాద చేస్తారు. వాళ్ళ ఒంటి మీంచి రాలిన గడ్డిపోచ కూడా శుభమే. 2018లో ఈ ఆచారం యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో కూడా చేరింది. వరిగడ్డికి అంత గౌరవం దక్కడం చూస్తే ఈ పని చేసేవాడిగా నా కళ్ళు చెమర్చాయి.

అపోహ: కుచ్చు కడితే చాలు, పిచ్చుకలు తిరిగొస్తాయి.

వాస్తవం: పెద్ద పిచ్చుకలు వడ్లు తింటాయి గానీ, గూట్లో పిల్లలకి ఎక్కువగా పురుగుల్నే తెచ్చి పెడతాయి. పురుగుమందులు కొట్టిన చోట అవి దొరకవు. పెంకుటింటి చూరులో దొరికే సందు స్లాబు ఇంట్లో ఉండదు. కాబట్టి కుచ్చుతో పాటు ఒక చిన్న చెక్క గూడూ పెట్టండి, పెరట్లో నాలుగు మొక్కలు మందు కొట్టకుండా వదలండి. కుచ్చుని పిల్లి ఎగిరినా అందనంత ఎత్తులో, వాన జల్లు పడని చోట కట్టండి. తిరిగే ఫ్యాన్ ఉన్న గదిలో మాత్రం ఎప్పుడూ కట్టొద్దు.