ఎంటిటీ రిజల్యూషన్ అంటే డూప్లికేట్లు చెరిపేయడం కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

"టేబుల్లో డూప్లికేట్లు ఎక్కువైపోయాయి, శుక్రవారంలోగా తీసేయండి." ఎంటిటీ రిజల్యూషన్ పని ఎక్కువసార్లు ఈ ఒక్క మాటతోనే మన నెత్తిన పడుతుంది. అపోహ కూడా ఆ మాటలోనే ఉంది.

అపోహ: డూప్లికేట్లు తీసేస్తే పని అయిపోయినట్టే

కాదండీ. రెండు రికార్డులు ఒకే మనిషివా, ఒకే సంస్థవా, ఒకే వస్తువువా అని తేల్చడమే ఎంటిటీ రిజల్యూషన్. తేలాక వాటిని ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. 1946లో అమెరికా జనన మరణ గణాంకాల అధికారి హాల్బర్ట్ డన్ దీనికి రికార్డ్ లింకేజ్ అని పేరు పెట్టినప్పుడు, ఒక మనిషి పుట్టినప్పటి నుంచి పోయేదాకా నమోదైన కాగితాలన్నిటినీ ఒక పుస్తకంగా కూర్చడం గురించి రాశాడు. పేజీలు చింపమని చెప్పలేదు.

చెరిపేస్తే ఏమవుతుందో ఆసుపత్రి డేటాలో చూద్దాం. రికార్డు 1: కె. సురేశ్, పుట్టిన సంవత్సరం 1961, పెన్సిలిన్ అలర్జీ ఉంది. రికార్డు 2: కె. ఎస్., పుట్టిన తేదీ ఖాళీ. రికార్డు 3: కె. సుధీర్, 1990, అలర్జీ లేదు. మూడింటిలోనూ ఫోన్ నంబర్ ఒకటే, ఎందుకంటే వాళ్లు తండ్రీకొడుకులు. ఇనిషియల్స్, ఫోన్ కుదిరాయి కాబట్టి 1కీ 2కీ కలిసింది. అదే లెక్కన 2కీ 3కీ కలిసింది. 1, 3 పుట్టిన సంవత్సరాలు వేరు కాబట్టి అవి నేరుగా కలవలేదు. అయినా గొలుసులా ఒకదానితో ఒకటి కలిసినవన్నిటినీ ఒక గుంపు చేసే కనెక్టెడ్ కాంపొనెంట్స్ పద్ధతి నడపగానే మూడూ ఒకే క్లస్టర్లో పడతాయి. దానిమీద "తాజా విలువే నిలవాలి" అన్న సర్వైవర్‌షిప్ రూల్ నడిచిందంటే, కొడుకు రికార్డే తాజాది కాబట్టి తండ్రి అలర్జీ గోల్డెన్ రికార్డులోంచి, అంటే అన్నీ కలిపి చివరికి నిలిపే ఒకే రికార్డులోంచి, మాయం. మూల రికార్డులు కూడా చెరిపేసి ఉంటే, తప్పు తెలిశాక విడదీయడానికి చేతిలో ఏమీ మిగలదు.

రికార్డులను కలిపే మెర్జ్ బటన్ నొక్కడానికి జంకే డేటా స్టీవర్డ్లను (డేటా నాణ్యత చూసుకునేవాళ్లను) పిరికివాళ్లంటారు గానీ, వాళ్ల భయం సబబే. ఆ భయం లేకుండా పని చేసే ఏర్పాటు ఇలా ఉండాలి:

మూల రికార్డును ముట్టుకోకూడదు. పక్కన ఒక క్రాస్ రిఫరెన్స్ టేబుల్ పెట్టండి. అందులో ఏ సిస్టమ్, ఆ సిస్టమ్‌లోని రికార్డు ఐడీ, మనమిచ్చిన ఎంటిటీ ఐడీ, పోలిక ఎంత బలమైందో చెప్పే స్కోరు, రూల్ లేదా మోడల్ వెర్షన్, తేదీ, నిర్ణయం మనిషిదా యంత్రానిదా అన్నవి ఉండాలి. విడదీయాల్సి వస్తే ఈ టేబుల్లో ఎంటిటీ ఐడీ మారిస్తే చాలు.

మనిషి చూసి "ఇవి వేరు" అని తేల్చిన జతలను కలపకూడని జాబితాలో రాయాలి. ఇది చాలామంది మరిచిపోతారు. ఆ జాబితా లేకపోతే పగలు విడదీసినవాటిని రాత్రి తనంతట తాను నడిచే జాబ్ మళ్లీ అతికిస్తుంది. పాత ఎంటిటీ ఐడీ రద్దయితే, అది ఏ కొత్త ఐడీకి వెళ్లిందో కూడా దాచండి. రిపోర్టులు, బిల్లింగ్ అప్పటికే పాత ఐడీని పట్టుకుని ఉంటాయి.

క్లస్టర్ల తనిఖీ పెద్దవాటి నుంచి మొదలుపెట్టండి. క్లస్టర్లో అతి బలహీనమైన జత స్కోరు ఎంత, రెండు వేర్వేరు పుట్టిన తేదీలు ఉన్నాయా చూడండి. పైన చెప్పిన తండ్రీకొడుకులు ఈ రెండు చూపులకే దొరికిపోతారు. ఒక క్లస్టర్లో వందల రికార్డులు ఉంటే, చాలాసార్లు దోషి ఏదో ఒక డమ్మీ విలువే: అన్నీ తొమ్మిదులున్న ఫోన్, 1900 జనవరి 1, 1970 జనవరి 1, హెల్ప్‌డెస్క్ మెయిల్. మ్యాచింగ్‌కు ముందే ప్రతి కాలమ్‌లో ఎక్కువగా వచ్చే 50 విలువలు తీసి చూసి, ఇలాంటివాటిని ఖాళీగా మార్చేయండి.

అపోహ: పేర్లకు ఫజీ మ్యాచింగ్ పెడితే చాలు

అక్షరాలు కాస్త తేడాపడినా దగ్గరి పేర్లను పట్టుకునే ఈ పోలిక ఒక ఆధారం మాత్రమే. అందులోనూ బొక్కలుంటాయి. పేరును పలికే తీరుబట్టి కోడ్‌గా మార్చే సౌండెక్స్ మొదటి అక్షరాన్ని అలాగే ఉంచుతుంది కాబట్టి, సీతో రాసిన కేథరిన్‌కు సీ365, కేతో రాసిన కేథరిన్‌కు కే365 వస్తాయి. పలకడంలో తేడా లేదు, కోడ్‌లు మాత్రం కలవవు.

ప్రతి ఫీల్డుకూ తన బరువు తనకుంటుంది. ఒకే మనిషి రికార్డుల్లో లింగం 98 శాతం సార్లు కలుస్తుందనీ, వేర్వేరు మనుషుల్లో యాదృచ్ఛికంగా 50 శాతం సార్లు కలుస్తుందనీ అనుకుందాం. ఈ రెండు శాతాల నిష్పత్తికి (కలిస్తే 98/50, కలవకపోతే 2/50) బేస్ 2 లాగరిథమ్ తీస్తే, కలిసినప్పుడు స్కోరుకు వచ్చేది దాదాపు 1, కలవనప్పుడు పోయేది దాదాపు 4.6. అంటే లింగం కలిస్తే పెద్దగా తేలేది లేదు, కలవకపోతే గట్టి అనుమానం. ఫీల్డులన్నిటికీ సమానంగా మార్కులేసే స్క్రిప్ట్‌కు ఈ తేడా తెలియదు.

అపోహ: ఒక్క థ్రెషోల్డ్ పెడితే సరిపోతుంది

గణాంకవేత్తలు ఫెలెగి, సంటర్ 1969లోనే జత స్కోరుకు రెండు హద్దులు పెట్టారు. పై హద్దు దాటితే కలిపేయడం, కింది హద్దుకు దిగువనుంటే వదిలేయడం, మధ్యలో పడితే మనిషి చూడటం. మధ్య వరుస మరీ పెరిగిపోతే హద్దులు జరిపేముందు డేటా సంగతి చూడండి.

అపోహ: యూనిక్ ఐడీ ఉంటే ఇదంతా అక్కర్లేదు

ఐడీ ఖాళీగా ఉంటుంది, ఒక అంకె తప్పు పడుతుంది, ఒకరిది ఇంకొకరికి వాడతారు. బలమైన ఆధారమే, తీర్పు మాత్రం కాదు.

అపోహ: మా మోడల్ యాక్యురసీ 99 శాతం

ఈ మాట వినగానే అడగాల్సింది జతలెన్ని అని. 10,000 రికార్డులకు దాదాపు 5 కోట్ల జతలు. వాటిలో నిజంగా కలిసేవి 2,000 అనుకుంటే, "ఏదీ కలవదు" అని చెప్పే ఒక్క లైను కోడ్‌కు 99.996 శాతం యాక్యురసీ వస్తుంది. ప్రిసిషన్ (కలిపినవాటిలో సరైనవెన్ని), రీకాల్ (నిజంగా కలవాల్సినవాటిలో పట్టుకున్నవెన్ని) వేరువేరుగా చెప్పమనండి. రీకాల్‌లో బ్లాకింగ్ (జతల సంఖ్య తగ్గించడానికి ఏదో ఒక కీ కలిసే రికార్డులనే ఒక గుంపులో పెట్టి పోల్చడం) దగ్గరే పోయిన జతలను కూడా లెక్కపెట్టారా అని అడగండి. ఒక్క బ్లాక్‌లోనూ కలిసి పడని జతను ఏ మోడలూ చూడదు. అందుకే బ్లాకింగ్ ఒకే కీతో కాకుండా, ఇంటిపేరు-పుట్టిన సంవత్సరం ఒకసారి, ఫోన్ చివరి అంకెలు ఇంకోసారి, ఇలా మూడు నాలుగు దఫాలుగా చేస్తారు.

అపోహ: ఇప్పుడు ఎల్‌ఎల్‌ఎమ్‌కు ఇచ్చేస్తే అదే చూసుకుంటుంది

ఎల్‌ఎల్‌ఎమ్ అంటే చాట్‌బాట్ల వెనకుండే పెద్ద భాషా మోడల్. 10 లక్షల రికార్డులకు దాదాపు 50,000 కోట్ల జతలు. అన్నీ పంపడం కుదరదు, బ్లాకింగ్ తప్పదు. మధ్య వరుసలో మిగిలిన జతలకు మాత్రం అది పనికొస్తుంది. ఒకే జతను క్రమం మార్చి అడిగితే జవాబు మారిపోవచ్చు. కాబట్టి రెండు క్రమాల్లోనూ అడిగి, జవాబులు పొసగని జతలను మళ్లీ మనిషి వరుసలోకే పంపండి.