పిత్తాశయ క్యాన్సర్, ఎపిజెనెటిక్స్, టార్గెటెడ్ చికిత్స: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం ప్రాంతాల రోగుల బయాప్సీలు చూసే పాథాలజిస్టుగా, వారి బంధువుల నోట నేను తరచూ వినే మాటలివి.

అపోహ: మా వంశంలో ఎవరికీ లేదు కాబట్టి ఇది జన్యువులకు సంబంధించిన జబ్బు కాదు.

వాస్తవం: ఈ క్యాన్సర్‌లో జన్యుమార్పులు చాలావరకు వంశం నుంచి రావు, పిత్తాశయపు గోడలోనే పుడతాయి. ఏళ్ల తరబడి ఉన్న రాళ్ల వల్లనో, పిత్తంలో తిష్ఠవేసిన టైఫాయిడ్ బాక్టీరియా వల్లనో గోడ పదేపదే వాస్తూ ఉంటే, కణవిభజనను అదుపుచేసే పీ16 వంటి జన్యువుల మీద మిథైల్ గుంపులు అనే చిన్న రసాయన ముక్కలు చేరవచ్చు. అప్పుడు జన్యువులోని సమాచారం చెడకుండానే దాని పని ఆగిపోతుంది. దీన్నే ఎపిజెనెటిక్ మార్పు అంటాం. అయితే రాళ్లున్నవారిలో అత్యధికులకు క్యాన్సర్ రాదు.

అపోహ: ఆ మార్పును పసరుతోనో పథ్యంతోనో సరిచేయవచ్చు.

వాస్తవం: మిథైల్ గుంపులను తగ్గించే అజాసైటిడిన్, డెసిటబిన్ మందులు ఎముకమజ్జ వ్యాధులకు వాడుకలో ఉన్నాయి గాని, పిత్తాశయ క్యాన్సర్‌కు ప్రామాణిక చికిత్స కాలేదు. పసరుకు ఆ గుణం ఉందనడానికి ఆధారం లేదు. ఈ జబ్బులో కామెర్లు వచ్చాయంటే గడ్డ పిత్తనాళాన్ని మూసివేస్తున్నదేమోనని చూడాలి. పసరు తాగుతూ వారాలు గడిపితే ఆపరేషన్‌కు ఉన్న కొద్దిపాటి అవకాశం కూడా చేజారుతుంది.

అపోహ: టార్గెటెడ్ మందు ఉండగా కీమో అనవసరం.

వాస్తవం: వ్యాపించిన జబ్బుకు మొదటి చికిత్స నేటికీ జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్ కీమో మీదే ఆధారపడి ఉంది, దానికి ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పురికొల్పే చికిత్స) తోడవుతోంది. టార్గెటెడ్ మందు గడ్డలోని ఒక నిర్దిష్ట లక్ష్యాన్నే గురిపెడుతుంది. అలాంటి లక్ష్యాల్లో ఒకటైన, కణాల పెరుగుదలను ప్రేరేపించే హెర్2 ప్రోటీన్ అధికంగా ఉండేది నూటికి సుమారు 10 నుంచి 20 గడ్డల్లోనే. అలాంటి వారికి, ముందు చికిత్స తీసుకున్న తరువాత వాడటానికి, హెర్2ను గురిపెట్టే జానిడటమాబ్ అనే మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024లో అనుమతించింది.

అపోహ: రాళ్ల కోసం తీసిన పిత్తాశయానికి పరీక్ష అక్కర్లేదు.

వాస్తవం: అన్నిటికంటే నన్ను బాధించే అపోహ ఇదే. రాళ్లనుకుని తీసిన పిత్తాశయంలో అరుదుగా క్యాన్సర్ బయటపడుతుంది. అది గోడలోని కండర పొరకు చేరితే, పక్కనున్న కాలేయ భాగాన్నీ లింఫు గ్రంథులనూ తీసే రెండో ఆపరేషన్ సాధారణంగా అవసరమవుతుంది. తీసిన భాగాన్ని నీళ్లలోనో సెలైన్‌లోనో ఉంచితే కణాలు పాడవుతాయి కనుక, 10 శాతం ఫార్మలిన్‌లోనే ల్యాబుకు పంపాలి. విశాఖకో కటకానికో వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు పారఫిన్ బ్లాకునూ (తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మె) స్లైడ్లనూ అడిగి తీసుకెళ్లండి. హెర్2 పరీక్ష చేయవలసింది ఆ బ్లాకు మీదే.