మందిరం మరమ్మతులో దొరికిన పుస్తకం

ప్రియమైన మనవలకు, మనవరాళ్లకు,

గుణుపురం నుంచి తాత రాస్తున్నాను. అందరికీ వందనాలు. బళ్లో ఒడియా చదివీ చదివీ తెలుగు మరిచిపోతున్నారని మీ అమ్మల బెంగ. అర్థంకాని చోట నాన్నమ్మనడగండి.

"ఉజ్జీవం రావాలంటే పెద్ద ప్రసంగీకుడు రావాలి కదా తాతా, మనం గుడి కప్పు రేకులకి చందాలు పోగేయడమెందుకు?" అని మీలో ఒకరు అడిగారు. ఉజ్జీవం అంటే సంఘంలో చల్లారిన భక్తి మళ్లీ రగులుకోవడం. గడుసు ప్రశ్నే.

బైబిల్లో యోషీయా అనే యూదా రాజున్నాడు, ఎనిమిదేళ్లకే రాజయ్యాడు. ఏలుబడి 18వ ఏట యెరూషలేము మందిరం బాగుచేయించాడు. దానికైన డబ్బు, ద్వారపాలకులు జనం దగ్గర పోగుచేసిన కానుకలే. అందులోంచే వడ్రంగులకు, తాపీవాళ్లకు కూలి ఇచ్చారు, రాళ్లూ దూలాలూ కొన్నారు. ఆ డబ్బు బయటికి తీస్తుంటే యాజకుడు హిల్కీయాకి ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది! చదివి వినిపిస్తే రాజు బట్టలు చింపుకున్నాడు. తర్వాత జనాన్నంతా పోగుచేసి, ఇకపై ఆయన ఆజ్ఞల ప్రకారమే నడుస్తామని అందరి ఎదుటా దేవునితో నిబంధన చేశాడు. రాజు అంతకుముందే దేవుణ్ణి వెదకడం మొదలుపెట్టాడు, నిజమే. కానీ పుస్తకం బయటపడింది మాత్రం మరమ్మతు పనుల్లోనే. ఆ పనివాళ్లు నమ్మకస్తులు గనుక వాళ్లను లెక్క అడగలేదని బైబిల్లో రాజుల రెండో గ్రంథం 22వ అధ్యాయంలో ఉంది. నేను బతుకంతా తాపీపని చేసినవాణ్ణి, ఆ వచనమంటే నాకు మహా ఇష్టం.

మిజోరం సంగతీ వినండి. 1906లో అక్కడి కొండల్లో ఉజ్జీవం వచ్చింది. 1910 నుంచి అక్కడి ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి సంఘం కోసం పక్కన పెట్టసాగారు. చేతిలో పైసా లేని ఇల్లాలు కూడా ఇవ్వగలిగిన కానుక అది. ఇప్పటికీ ఆపలేదు. అలా పోగైన బియ్యం ఏటా కోట్ల రూపాయలవుతోంది, సువార్త పనికి వెళుతోంది.

మన కోతకాలపు పండగ వేలం చూశారుగా. కొండ మీంచి సవర అవ్వ తెచ్చిన గుమ్మడికాయను ఒకాయన పాడుకుని డబ్బు కట్టాడు, కాయను మళ్లీ బల్ల మీదే పెట్టేశాడు. ఇంకొకాయన పాడుకున్నాడు, ఆయనా పెట్టేశాడు. కాయ ఒకటే, కానుకలు మూడు! మాటల్లేని రెండు కుటుంబాలు ఆ పూట పక్కపక్కనే కూర్చుని నవ్వుకున్నాయి. మైకు పగిలిపోయేలా అరిచే కూటాల్లో నాకు ఇది కనబడలేదు. (పాస్టరుగారికి చెప్పకండి.)

అయితే కానుకేస్తే ఉజ్జీవం ఊడిపడుతుందనుకోకండి, అది బేరం. పేరు మైకులో చదివించుకోడానికి ఇచ్చేదీ అంతే. మాసిదోనియ సంఘాలవాళ్లు నిరుపేదలైనా శక్తికి మించి ఇచ్చారంటాడు అపొస్తలుడు పౌలు. అయితే ముందు తమ్మును తామే ప్రభువుకి అప్పగించుకున్నారట. ఆ పౌలు కూడా డేరాలు కుట్టుకుని బతికినవాడే.

శనివారం పాత రేకులు దింపుతాం. బెంచీలు బయటికి మోయడం మీ పని. మేకులుంటాయి, చెప్పులేసుకుని రండి. చందాల లెక్క ఆదివారం ఆరాధనయ్యాక చదువుతాం. యోషీయా అడగలేదు గానీ, మీ నాన్నమ్మ అడుగుతుంది.

మీ తాత