‘మెలంకోలియా’ గురించి వాదించే ముందు: అపోహలు - వాస్తవాలు

లార్స్ వాన్ ట్రయర్ 2011లో తీసిన ‘మెలంకోలియా’ను ప్రదర్శిస్తే ప్రేక్షకులు రెండు పక్షాలుగా చీలిపోతారు. ప్రదర్శనల అనంతరం చర్చలు నిర్వహించే పనిలో ఉన్న నాకు ఆ చీలిక ఇష్టమే. ఈ డేనిష్ దర్శకుడు ఏకాభిప్రాయం కోసం సినిమాలు తీసేవాడు కాడు. అయితే వాదనలో సగం తెరమీద లేని విషయాల చుట్టూ తిరగడం మాత్రం బాధ కలిగిస్తుంది. చిత్రాన్ని తిరస్కరించేవారిలోనూ, నెత్తిన పెట్టుకునేవారిలోనూ తరచుగా వినిపించే కొన్ని అపోహలను ఇక్కడ పరిశీలిస్తాను. ముగింపుతో సహా కథంతా ప్రస్తావనకు వస్తుంది.

అపోహ: ఇది ప్రళయం సినిమా కాబట్టి, భూమి మిగులుతుందా లేదా అన్నదే ఇందులోని ఉత్కంఠ.

వాస్తవం: ఆ ఉత్కంఠను దర్శకుడు ఆరంభంలోనే తీసివేశాడు. జర్మన్ స్వరకర్త వాగ్నర్ ఒపెరా (సంగీత నాటకం) ‘ట్రిస్టన్ అండ్ ఇసోల్డ్’ పూర్వరంగ సంగీతంతో, కదులుతున్నాయో లేదో తెలియనంత నెమ్మదైన దృశ్యాలు వరుసగా వస్తాయి; వాటి చివర మెలంకోలియా అనే భారీ గ్రహం భూమిని ఢీకొని తనలో కలిపేసుకుంటుంది. ఏం జరుగుతుందో తెలిసిపోయాక ఎవరు ఎలా ప్రవర్తిస్తారన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. ఆ తరువాత కథ ‘జస్టిన్’, ‘క్లేర్’ అని ఇద్దరు అక్కచెల్లెళ్ల పేర్లతో రెండు భాగాలుగా సాగుతుంది.

మొదటి భాగమంతా జస్టిన్ పెళ్లి విందే. ప్రళయం కోసం వచ్చినవారు ఇక్కడే విసుగు చెందుతారు. కానీ ఆ విందు ముగిసేసరికి వరుడు వెళ్లిపోతాడు, ఉద్యోగం పోతుంది, తల్లిదండ్రుల నుంచి ఆమెకు ఏ ఆసరా దొరకదు. గ్రహం జాడ మాత్రం లీలగా ఉంటుంది: విందుకు చేరుకున్నప్పుడు జస్టిన్ ఆకాశంలో ఎర్రని జ్యేష్ఠా నక్షత్రాన్ని గమనిస్తుంది, మర్నాడు గుర్రంపై వెళ్లినప్పుడు ఆ నక్షత్రం ఉండవలసిన చోట లేదని గుర్తిస్తుంది. రెండవ భాగంలో ఆమె ప్రశాంతతను అర్థం చేసుకోవాలంటే, పోగొట్టుకోవడానికి ఆమెకు ఇంకేమీ మిగలలేదని ఈ సుదీర్ఘమైన రాత్రి ద్వారానే మనకు తెలియాలి. పెళ్లి భాగాన్ని సగానికి కుదించి ఉండవలసిందన్న వాదనతో నేను ఏకీభవించలేను.

అపోహ: విజ్ఞానశాస్త్రం తప్పు కాబట్టి సినిమా కూడా తప్పే.

వాస్తవం: దగ్గరగా దాటిపోయిన గ్రహం వెనుదిరిగి వచ్చి ఢీకొనడం నమ్మశక్యం కాదన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ ఇందులో విజ్ఞానం నిర్వహించే పాత్ర వేరు. క్లేర్ కొడుకు, చిన్న పిల్లవాడు లియో, ఒక పుల్లకు తీగతో చేసిన వలయాన్ని బిగిస్తాడు. పుల్లను ఛాతీకి ఆనించి చూస్తే గ్రహం ఆ వలయంలో సరిగ్గా ఇమిడిపోతుంది. కాసేపాగి మళ్లీ చూసినప్పుడు వలయం లోపల ఖాళీ కనిపిస్తే గ్రహం దూరమవుతున్నట్లు లెక్క. క్లేర్ మొదట ఊపిరి పీల్చుకునేదీ, తరువాత గ్రహం వలయాన్ని దాటి బయటికి పొంగినట్లు చూసి కుప్పకూలేదీ ఈ సాధనంతోనే. దేశాధ్యక్షుల ప్రసంగాలూ, శాస్త్రవేత్తల సమావేశాలూ లేని ఈ సినిమాలో విశ్వమంతటి ప్రమాదం ఒక తల్లి చేతిలోని తీగ చుట్టుకు కుదించుకుపోతుంది.

అపోహ: కాన్స్ చిత్రోత్సవం ఈ సినిమాను బహిష్కరించింది.

వాస్తవం: బహిష్కరించింది దర్శకుణ్ణి. 2011 మేలో పత్రికా సమావేశంలో హిట్లర్ పట్ల సానుభూతి ధ్వనించేలా మాట్లాడి, తాను నాజీనని కూడా అన్న ఆయనను ఉత్సవ నిర్వాహకులు మర్నాడే అవాంఛనీయ వ్యక్తిగా ప్రకటించారు. సినిమా మాత్రం పోటీలో కొనసాగింది. జస్టిన్ పాత్రధారిణి కిర్‌స్టెన్ డన్‌స్ట్ ఉత్తమ నటి పురస్కారం అందుకున్నారు. అదే ఏడాది యూరోపియన్ ఫిల్మ్ అవార్డులలో ఇది ఉత్తమ చిత్రంగా నిలిచింది. ఆ మాటలు క్షమించదగినవని నేను అనను. అయితే వాటిని ఖండించినంత మాత్రాన సినిమాను విశ్లేషించినట్లు కాదు.

అపోహ: ఇది డాగ్మె 95 నియమాలను అనుసరించిన చిత్రం.

వాస్తవం: కాదు. డాగ్మె 95 అంటే కృత్రిమ దీపాలు, విడిగా జోడించే నేపథ్య సంగీతం వంటివి లేకుండా సినిమా తీయాలని 1995లో డేనిష్ దర్శకులు పెట్టుకున్న నియమావళి. ఆ నియమాల ప్రకారం వాన్ ట్రయర్ తీసిన చిత్రం 1998 నాటి ‘ది ఇడియట్స్’ ఒక్కటే.

అపోహ: ఈ చిత్రం కుంగుబాటును జ్ఞానంగా కీర్తిస్తుంది.

వాస్తవం: అసలైన చర్చ జరగవలసింది ఇక్కడే. కుంగుబాటుతో బాధపడేవారు చెడు జరుగుతుందని ముందే ఊహించుకుంటారు కాబట్టి విపత్తులో ఇతరులకన్నా నిబ్బరంగా ఉంటారని తన చికిత్సకుడు చెప్పిన మాట నుంచి ఈ కథ పుట్టిందని దర్శకుడే చెప్పాడు. ఆ నిబ్బరం వెనుక ఉన్న నరకాన్ని ఆయన దాచలేదు. స్నానం చేయించాలని క్లేర్ బతిమాలుతున్నా తొట్టెలోకి కాలు ఎత్తలేని జస్టిన్‌నూ, ఇష్టమైన వంటకం బూడిద రుచిగా ఉందని ఏడ్చే జస్టిన్‌నూ చూసినవారు దీనిని కీర్తన అని ఎలా అనగలరో నాకు అర్థం కాదు.

భూమి చెడ్డదనీ, దానికోసం దుఃఖించనక్కరలేదనీ ఆమె అంటుంది. చాలామంది ఈ మాటనే సినిమా తీర్పుగా తీసుకుంటారు. కానీ పాత్ర అన్న మాటతో పాటు పాత్ర చేసిన పనిని కూడా చూడాలి. ఇక దాక్కోవడానికి చోటే లేదని తండ్రి అన్నాడని లియో చెప్పినప్పుడు, మాయా గుహ సంగతి నాన్న మరచిపోయాడని జస్టిన్ సమాధానమిస్తుంది. పిల్లవాడిని వెంటబెట్టుకుని కర్రలు కోసి, చెక్కి, పచ్చికపై వాటిని గోపురంలా నిలబెడుతుంది. దుఃఖించనక్కరలేదన్న మనిషి ఒక పిల్లవాడి భయం తీర్చడానికి తన చివరి గంటలను వెచ్చించింది. ఆమె మాటను ఆమె చేతలే ఖండిస్తున్నాయని నా అభిప్రాయం.

అపోహ: ఈ సినిమాను విమర్శించేవారికి అది అర్థం కాలేదు.

వాస్తవం: సమర్థకులు ఈ అహంకారాన్ని విడిచిపెట్టాలి. క్లేర్ భర్త జాన్ లెక్కలను నమ్మే మనిషి. గ్రహం దాటిపోతుందని చివరిదాకా ధైర్యం చెప్పినవాడు. ఆ లెక్క తప్పిందని తెలియగానే, క్లేర్ దాచుకున్న మాత్రలను తానే మింగి, భార్యాబిడ్డలను వదిలేసి గుర్రపుశాలలో ప్రాణం తీసుకుంటాడు. హేతువును నమ్మినవాడు పిరికివాడు కావలసిన అవసరమేమిటి? జస్టిన్ నిబ్బరం గొప్పగా కనిపించడానికి రచయితే త్రాసును ఒకవైపు వంచాడన్న విమర్శ చిత్రాన్ని శ్రద్ధగా చూసినవారు మాత్రమే చేయగలిగేది. దానికి సమర్థకుల నుంచి నాకు తృప్తికరమైన సమాధానం ఇంతవరకు దొరకలేదు.