ఒక్కడికే చోటు: గుర్‌ప్రీత్ నార్వేలో గడిపిన మూడేళ్ల వెనుక కథ

2014 ఆగస్టులో కోల్‌కతా ఫుట్‌బాల్ క్లబ్ ఈస్ట్ బెంగాల్ గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు నార్వే క్లబ్ స్టాబెక్‌లో చేరాడు. అప్పటికి అతనికి 22 ఏళ్లు. ఓస్లో శివార్లలోని ఆ క్లబ్ అప్పుడు నార్వే అగ్రశ్రేణి లీగ్‌లో ఉంది. ఆ లీగ్‌లో అతను మొదటి మ్యాచ్ ఆడింది మాత్రం 2016 మే నెలలో. మధ్యలో గడిచిన ఏడాది తొమ్మిది నెలలే అసలు కథ.

మొహాలీ కుర్రాడు నార్వే దాకా ఎందుకు వెళ్లాడని అడిగితే, ఇంగ్లండ్ తలుపులు మూసి ఉన్నాయి కాబట్టి. అప్పట్లో అక్కడ విదేశీ ఆటగాడికి వర్క్ పర్మిట్ రావాలంటే అతని దేశం ఫిఫా ర్యాంకింగ్‌లో పై వరసలో ఉండాల్సి వచ్చేది. 2009లో భారత ఫార్వర్డ్ సునీల్ ఛెత్రీకి ఇంగ్లండ్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ అవకాశం చేజారింది ఆ నిబంధన వల్లే. 2015 మార్చిలో మన ర్యాంకు 173. ఆటగాడు ఎంత బాగా ఆడినా తన దేశం ర్యాంకును ఒక్కడే మోయలేడు కదా! అందుకే మనవాళ్ల చూపు స్కాండినేవియా వైపు మళ్లింది. గుర్‌ప్రీత్ కంటే కొన్ని నెలల ముందు, 2014 జనవరిలో, సుబ్రతా పాల్ డెన్మార్క్ క్లబ్ వెస్ట్‌షెలాండ్‌కు వెళ్లాడు. 2011 ఆసియా కప్‌లో ఎన్నో షాట్లకు అడ్డుపడి ‘స్పైడర్‌మ్యాన్’ అనిపించుకున్న కీపర్ అతను. అక్కడ సీనియర్ జట్టులో ఆడకుండానే తిరిగొచ్చాడు.

గోల్‌కీపర్‌కు ఉన్న చిక్కే అది. ఫార్వర్డ్‌ను చివరి పావుగంటలో దించి చూడొచ్చు, మిడ్‌ఫీల్డర్‌ను వింగ్‌కు మార్చొచ్చు. కీపర్ విషయంలో కోచ్‌లు అలాంటి ప్రయోగాలు చేయరు. మొదటి కీపర్ గాయపడాలి, లేదా ఫామ్ కోల్పోవాలి. అప్పటిదాకా రెండోవాడు వారమంతా సాధన చేసి ఆట రోజు బెంచీ మీద కూర్చోవాల్సిందే. స్టాబెక్‌లో ఆ మొదటి కీపర్ ఐవరీ కోస్ట్‌కు చెందిన సయూబా మాందే. గుర్‌ప్రీత్ చేరినప్పుడు కోచ్, అంతకుముందు అమెరికా జాతీయ జట్టును నడిపిన బాబ్ బ్రాడ్లీ.

చివరికి ఐకే స్టార్ట్ జట్టు మీద అవకాశం వచ్చింది, గోల్ ఇవ్వకుండా మ్యాచ్ ముగించాడు. ఐరోపా దేశపు అగ్రశ్రేణి లీగ్‌లో ఆడిన తొలి భారతీయుడిగా అతని పేరు నిలిచింది. జూన్ 30న వేల్స్ క్లబ్ కానాస్ కీ మీద, ఐరోపా క్లబ్‌ల టోర్నీ యూరోపా లీగ్ అర్హత మ్యాచ్‌లోనూ దిగాడు. ఆ టోర్నీలోనూ భారతీయుల్లో అతనే మొదటివాడు. కానీ గాయంతో మొదటి సగంలోనే బయటికి రావాల్సి వచ్చింది. స్టాబెక్ రెండు మ్యాచ్‌లూ కలిపి 0-1తో ఇంటిదారి పట్టింది.

2017లో బెంగళూరు ఎఫ్‌సీకి వచ్చేశాడు. దీన్ని వెనకడుగు అన్నవాళ్లున్నారు, నాకలా అనిపించదు. వరసగా మ్యాచ్‌లు దొరికాక అతను వేరే కీపర్‌గా కనిపించాడు. 2018-19లో బెంగళూరు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) గెలిచింది, ఉత్తమ కీపర్‌కిచ్చే గోల్డెన్ గ్లోవ్ అతనికే. 2019 సెప్టెంబరు 10న దోహాలో, జ్వరంతో ఛెత్రీ తప్పుకోగా భారత జట్టు కెప్టెన్‌గా దిగి, ఆసియా చాంపియన్ ఖతార్‌ను 0-0తో ఆపాడు. ఆ ఆట చూసినవాళ్లు నార్వే సాధన వృథా పోయిందని అనరు.

మన హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్‌కు ఈ మాత్రం అవకాశమూ లేదు. 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం నాటి కీపర్ అతను, ఆ జట్టు కోచ్ మన రహీం సాబ్. ఇద్దరిదీ ఒకే ఊరు. కానీ తంగరాజ్ క్లబ్ ఆటగాడిగా పేరు తెచ్చుకుంది కలకత్తా మైదానాల్లో.

మహిళల్లో అదితి చౌహాన్ వేరే దారి పట్టింది. చదువు కోసం లఫ్‌బరో విశ్వవిద్యాలయానికి వెళ్లి, 2015లో వెస్ట్ హామ్ మహిళల జట్టులో కీపర్ అయింది. తర్వాత ఐస్‌లాండ్‌లోనూ ఆడింది. ఆటగాళ్ల మార్కెట్ తెరవని తలుపును ఆమెకు చదువు తెరిచింది.

గుర్‌ప్రీత్ వెనకాల మగ కీపర్లు వరస కట్టకపోవడానికి కారణం ధైర్యం లేక కాదు. 2014లో ఐఎస్‌ఎల్ మొదలైనప్పుడు డేవిడ్ జేమ్స్, అపోలా ఎడెల్ వంటి విదేశీ కీపర్లు కనిపించేవారు. తర్వాత క్లబ్‌లు విదేశీ కోటాను గోల్ కొట్టేవాళ్లకూ డిఫెండర్లకూ వాడుకోవడం మొదలుపెట్టాయి, గోల్‌పోస్ట్ ముందు చోటు మనవాళ్లకే మిగిలింది. ఇక్కడ మొదటి కీపర్‌గా ఆటా, మంచి జీతమూ దొరుకుతుంటే ఓస్లో చలిలో బెంచీ మీద కూర్చోవడానికి ఎవరు ముందుకొస్తారు?