ఏడో ఫ్రెట్ ఎక్కడికి పోయింది?

పిల్లలూ,

మీరు పంపిన గిటార్ రికార్డింగు మూడుసార్లు విన్నాను. మొదట మామూలుగా, తర్వాత కళ్లు మూసుకుని, ఆఖరున వేగం సగానికి తగ్గించి. మూడోసారి వింటుంటే మీ బాధ తెలిసింది. "తాతయ్యా, లెగాటో నీళ్లలా పారడం లేదు, మెట్ల మీంచి గిన్నె దొర్లినట్టుంది" అని రాశారు కదా. పోలిక బాగానే కుదిరింది. కాకపోతే గిన్నె ఎక్కేటప్పుడు దొర్లడం లేదు, దిగేటప్పుడే దొర్లుతోంది.

రెండో తీగ మీద 5-7-8 ఫ్రెట్లు (ఫ్రెట్ అంటే గిటార్ మెడ మీది అడ్డకడ్డీ) అని పైకి వెళ్లినప్పుడు మూడు స్వరాలూ ఉన్నాయి. 8-7-5 అని కిందికి వచ్చేటప్పుడు ఏడో ఫ్రెట్ స్వరం మాయం. మీరు వాయించామనే అనుకున్నారు, తీగ మాత్రం పలకలేదు. ఈ ఉత్తరమంతా దాదాపు ఆ ఒక్క స్వరం గురించే.

లెగాటో ఇటాలియన్ మాట. ముడివేసినది, కలిపి కట్టినది అని అర్థం. గొంతుకీ వేణువుకీ ఇది పుట్టుకతో వచ్చిన గుణం, ఊపిరి ఉన్నంతసేపూ స్వరం సాగుతుంది. గిటార్‌కి ఆ అదృష్టం లేదు. తీగ మీటిన మరుక్షణం నుంచీ మోత తగ్గుతూనే ఉంటుంది. అందుకే ఒక్కసారి మీటి, ఆ ఊపు చల్లారేలోగా మిగతా స్వరాలను ఎడమచేతి వేళ్లతోనే పలికిస్తాం. వేలు తీగ మీదికి దిగి పలికిస్తే హ్యామర్-ఆన్, నొక్కి ఉన్న వేలు తీగను మీటి వదిలితే పుల్-ఆఫ్, నొక్కిన వేలు అలాగే జారితే స్లైడ్. (కుడిచేతివాటం లెక్కన రాస్తున్నాను. ఎడమచేతివాటం వాళ్లు చేతులు మార్చి చదువుకోండి.)

హ్యామర్-ఆన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పేరులో సుత్తి ఉంది కదా అని ఎత్తు నుంచి బాదకండి. కావలసింది బలం కాదు, చురుకు. వేలు తీగకు దగ్గరగానే ఉండాలి, చటుక్కున దిగాలి, ఫ్రెట్ కడ్డీకి ఆనీ ఆననట్టుగా దాని వెనకే పడాలి. రెండు ఫ్రెట్ల మధ్యన పడితే అదే స్వరానికి ఎక్కువ ఒత్తిడి పెట్టాలి. దిగాక మాత్రం నొక్కుతూ కూర్చోకండి. స్వరం పలకడానికి ఎంత కావాలో అంతే.

ఇక పుల్-ఆఫ్. చాలామంది దీన్ని "వేలు తీసేయడం" అనుకుంటారు. తీసేస్తే ఏమవుతుంది? స్వరం సగం చచ్చి వస్తుంది. వేలు లేచేటప్పుడు దాని కొన తీగను నేలవైపు కొద్దిగా గీరి వదలాలి. అంటే ఎడమచేతి వేలే ఆ క్షణానికి పిక్ (తీగ మీటే బిళ్ల) అన్నమాట. మరీ లాగితే తీగ వంగి శ్రుతి పైకి పోతుంది, పక్క తీగ కూడా తగిలి మోగుతుంది. ఎంత లాగాలన్నది మాటల్లో చెప్పలేను, మీ చెవే చెప్పాలి.

ఇంకో షరతు. చిటికెన వేలు 8 దగ్గర నుంచి లేవకముందే ఉంగరపు వేలు 7 మీద, చూపుడు వేలు 5 మీద గట్టిగా కూర్చుని ఉండాలి. మీ రికార్డింగులో తప్పింది సరిగ్గా ఇక్కడే. చిటికెన వేలు లేస్తుంటే ఉంగరపు వేలు కూడా తోడు లేచిపోయింది. అది మీ అజాగ్రత్త కాదు. చెయ్యి బల్ల మీద బోర్లా పెట్టి, మిగతా వేళ్లు ఆనించి ఉంచి, ఉంగరపు వేలు ఒక్కటే ఎత్తి చూడండి. ఎంత మొండికేస్తుందో తెలుస్తుంది. అరచేతి వెనక ఈ వేళ్లను ఎత్తే నరాల్లాంటి తాళ్లు ఒకదానికొకటి పట్టీలతో ముడిపడి ఉంటాయి. వేళ్లను ముడిచే ప్రధాన కండలు ముంజేతిలో ఉంటాయి, అక్కడా ఈ పక్కపక్క వేళ్లకు పొత్తే. కాబట్టి మీరు నేర్పేది వేలికి బలం కాదు, "వాడు వెళ్లినా నువ్వు కూర్చో" అనే బుద్ధి.

దానికి నేను చేసేది ఇది. 5, 7, 8 మూడూ ఒకేసారి నొక్కి పెడతాను. చిటికెన వేలు ఒక్కటే గీరి లేపుతాను, ఆగుతాను. 7 స్వరం పూర్తిగా చల్లారేదాకా వింటాను. అప్పుడు ఉంగరపు వేలు. మళ్లీ ఆగుతాను. చూసేవాళ్లకి పరమ విసుగు. వారం పోతే తేడా వినిపిస్తుంది. ముంజేయి నొప్పి పుట్టినా, వేళ్లు తిమ్మిరెక్కినా అక్కడితో ఆపేయండి. ఓర్చుకుని వాయిస్తే గొప్పేం కాదు.

మీరు డిస్టార్షన్ (స్వరాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) బాగా పెంచి వాయించారు. అది కూడా వినిపించింది. ఎలక్ట్రిక్ గిటార్ మీద లెగాటో అంత సుళువుగా రావడానికి కారణమూ అదే, మోసపోవడానికి కారణమూ అదే. పికప్‌లో అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ చుట్ట ఉంటాయి. ఉక్కు తీగ ఊగితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది, దాన్ని యాంప్ పెంచుతుంది. గెయిన్ (ఆ పెంచే మోతాదు) ఎక్కువ పెడితే గట్టి స్వరాల తలలు కోసుకుపోతాయి, మెల్లని స్వరాలు పైకొస్తాయి, అన్నీ ఇంచుమించు ఒకే ఎత్తులో వినిపిస్తాయి. బలహీనమైన పుల్-ఆఫ్ కూడా బలంగా ఉన్నట్టే ఉంటుంది.

నేను రెండేళ్లు ఆ మత్తులోనే సాధన చేశాను. ఒకసారి నలుగురి ముందు వాయించబోతుంటే డిస్టార్షన్ పెడల్‌లో బ్యాటరీ అయిపోయింది. పెడల్ తీసేసి గిటార్ నేరుగా యాంప్‌కి తగిలించాను. వేళ్లు రోజూ ఆడినట్టే ఆడాయి, స్వరాలు సగమే వచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇంకా సిగ్గనిపించింది. అప్పటినుంచీ సాధన పెడల్ లేకుండానే.

ఒకటి గుర్తుంచుకోండి, గెయిన్ పెంచితే మీరు పలికించని తీగలు కూడా అరుస్తాయి. చూపుడు వేలి కొన పక్కనున్న లావు తీగకు తగిలీ తగలనట్టు ఉండాలి, అదే వేలి అడుగుభాగం సన్న తీగల మీద వాలి ఉండాలి, కుడి అరచేతి అంచు మిగిలిన లావు తీగలను ఆపాలి. కొందరు గిటార్ తల దగ్గర తీగలకు గుడ్డపట్టీ చుడతారు. రికార్డింగప్పుడు సరే, సాధనలో నాకు నచ్చదు. చెయ్యాల్సిన పని గుడ్డ చేసేస్తే చేతికి ఎప్పుడు వస్తుంది?

తాళం సంగతి. మెట్రోనోమ్ (టిక్కు టిక్కుమని తాళం వేసే యంత్రం) నిమిషానికి 60 టిక్కుల మీద పెట్టి, టిక్కుకి మూడు స్వరాలతో మొదలుపెట్టండి. తీగకు మూడు స్వరాలు కదా, పిక్ ప్రతిసారీ టిక్కు మీదే పడుతుంది, హాయిగా ఉంటుంది. తర్వాత అదే వరుసను టిక్కుకి నాలుగు చొప్పున వాయించండి. టిక్కులు 1, 5, 9 స్వరాల మీద పడతాయి, పిక్ మాత్రం 1, 4, 7, 10 మీద పడుతుంది. ఇప్పుడు పిక్ గట్టిగా కొడితే లెక్క వెంటనే చెడుతుంది. మీటినదేదో, వేలితో పలికించినదేదో వినేవాడికి తెలియనంత మెత్తగా మీటాలి. నా వరకు లెగాటోకి అసలు పరీక్ష ఇదే.

బ్రిటిష్ గిటారిస్టు ఆలన్ హోల్డ్స్‌వర్త్ (1946–2017) వాదన వినండి. సాక్సోఫోన్ మీద మనసుపడ్డ మనిషి, గిటార్‌ని అలాగే పలికించాలనుకున్నాడు. పుల్-ఆఫ్‌లో తీగను పక్కకి లాగితే వచ్చే ఆ సాగుడు ఆయనకు గిట్టేది కాదు. వేలు నిటారుగా లేపేసేవాడు, ఒక్కో స్వరమూ పైనుంచి తట్టినట్టే ఉండేది. అలా నేనూ ప్రయత్నించాను, ఇప్పటికీ పూర్తిగా రాలేదు. మీరు ముందు గీరడం నేర్చుకోండి, తగ్గించడం తర్వాత.

"సన్న తీగలు వేయించమంటావా" అని అడిగారు. 10 సెట్ మీద చెయ్యి అలసిపోతుంటే 9 వేసి చూడండి, తప్పులేదు. ఆ అంకెలు ఒకటో తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో. కానీ మాయమైన ఏడో ఫ్రెట్‌ని ఏ తీగా తెచ్చివ్వదు.

వచ్చేవారం ఇంకో రికార్డింగు పంపండి. పెడల్ వద్దు, నెక్ దగ్గరి పికప్, 60 మీద మెట్రోనోమ్, రెండో తీగ మీద 8-7-5 మాత్రమే, రెండు నిమిషాలు. మధ్య స్వరం వినిపించిందో లేదో లెక్కపెట్టి చెబుతాను.

మీ
తాతయ్య